మెయిల్ సర్వర్‌లో లాగిన్ ఫెయిల్: అపోహలు - వాస్తవాలు

సొంతంగా పోస్ట్‌ఫిక్స్ (మెయిల్ పంపే ప్రోగ్రామ్), డవ్‌కాట్ (మెయిల్‌బాక్స్ చదివించే ప్రోగ్రామ్) పెట్టుకుని మెయిల్ నడిపే చోట లాగిన్ ఆగిపోతే చాలామంది ముందుగా చేసే పని పాస్‌వర్డ్ మార్చడం. దయచేసి ఆ పని చివరికి ఉంచండి. కనెక్షన్ అందాలి, టీఎల్‌ఎస్ (సర్టిఫికెట్ చూసి కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి) కుదరాలి, పాస్‌వర్డ్ సరిపోలాలి, మెయిల్‌బాక్స్ తెరుచుకోవాలి. ఈ నాలుగింటిలో ఎక్కడ ఆగిందో ముందు తేల్చుకోవాలి.

అపోహ: యాప్ "పాస్‌వర్డ్ తప్పు" అంటే పాస్‌వర్డే తప్పు.

వాస్తవం: యాప్‌లు రకరకాల లోపాలకు ఇదే మాట చూపిస్తాయి. నమ్మాల్సింది సర్వర్ లాగ్‌ను. అందులో "నో ఆథ్ అటెంప్ట్స్" అని ఉంటే పాస్‌వర్డ్ సర్వర్ దాకా రానే లేదు, సర్టిఫికెట్ వైపు చూడండి. "ఆథ్ ఫెయిల్డ్" అని ఉంటే డవ్‌కాట్ సెట్టింగ్‌లలో ఆథ్_వెర్బోస్ (auth_verbose) ఆన్ చేసి డవ్‌కాట్‌ను రీలోడ్ చేయండి. యూజర్ దొరకలేదో, పాస్‌వర్డ్ కలవలేదో అప్పుడు విడిగా తెలుస్తుంది. యూజర్ దొరకకపోతే పూర్తి అడ్రస్‌కు బదులు ఉత్త పేరే ఇచ్చారేమో చూడండి. ఆ తర్వాత సర్వర్‌లోనే 'డవ్‌ఆడ్మ్ ఆథ్ టెస్ట్' (doveadm auth test) కమాండ్‌ను అదే యూజర్ పేరుతో నడపండి. అక్కడ పాసై, ఫోన్‌లో ఫెయిలైతే ఖాతా జోలికి వెళ్లక్కర్లేదు.

అపోహ: మెయిల్ వస్తోంది కాబట్టి పంపే లాగిన్ కూడా పనిచేస్తున్నట్టే.

వాస్తవం: చదివించేది డవ్‌కాట్, పంపేది పోస్ట్‌ఫిక్స్. పోస్ట్‌ఫిక్స్‌లో ఎస్‌ఏఎస్‌ఎల్ టైప్ (లాగిన్‌ను ఎవరితో సరిచూడాలో చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్‌గా సైరస్ అనే వేరే ప్రోగ్రామ్ పేరుతో ఉంటుంది. దాన్ని డవ్‌కాట్‌గా మార్చి, రెండు ప్రోగ్రామ్‌లూ మాట్లాడుకునే ఫైల్‌ను, అంటే సాకెట్‌ను, చూపించాలి. పోస్ట్‌ఫిక్స్ క్రూట్‌లో (chroot, తన క్యూ డైరెక్టరీ దాటి చూడలేని ఏర్పాటు) నడుస్తుంటే పూర్తి పాత్ ఇచ్చినా సాకెట్ దానికి కనబడదు. క్యూ డైరెక్టరీ నుంచి చూసినట్టుగా 'ప్రైవేట్/ఆథ్' అని మాత్రమే రాయాలి. డవ్‌కాట్ వైపు ఆ సాకెట్‌కు ఓనర్ పోస్ట్‌ఫిక్స్, మోడ్ 0660 (ఓనర్, గ్రూప్ మాత్రమే చదివి రాయగలిగేలా) ఉండాలి. "కనెక్ట్ టు ప్రైవేట్/ఆథ్ ఫెయిల్డ్" అని లాగ్‌లో కనిపిస్తే తప్పు ఇక్కడే.

పోర్టులూ తారుమారు చేస్తుంటారు. 587కు స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలుగా మొదలై తర్వాత టీఎల్‌ఎస్‌కు మారేది), 465కు మొదటి నుంచే టీఎల్‌ఎస్. 465 మీద స్టార్ట్‌టీఎల్‌ఎస్ పెడితే యాప్ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. 25వ నంబర్ పోర్టు సర్వర్ల మధ్య రాకపోకలకు, యూజర్ల లాగిన్‌కు కాదు.

అపోహ: ప్లెయిన్ ప్రమాదకరం, క్రామ్-ఎండీ5 పెడితే భద్రత.

వాస్తవం: ప్లెయిన్ అంటే పాస్‌వర్డ్‌ను ఉన్నదున్నట్టు పంపే లాగిన్ పద్ధతి, క్రామ్-ఎండీ5 అంటే పాస్‌వర్డ్ పంపకుండా తెలుసని నిరూపించే పద్ధతి. టీఎల్‌ఎస్ లోపల వెళ్లే ప్లెయిన్‌తో ఇబ్బంది లేదు. బీక్రిప్ట్ హ్యాష్ (పాస్‌వర్డ్ నుంచి తయారయ్యే, వెనక్కి తిప్పలేని అక్షరాల వరుస) దాచుకున్న డేటాబేస్‌తో క్రామ్-ఎండీ5 అసలు పనిచేయదు, దానికి అసలు పాస్‌వర్డ్ గానీ తనకు సరిపడే ప్రత్యేక హ్యాష్ గానీ కావాలి. డవ్‌కాట్ మెకానిజమ్స్ సెట్టింగ్‌లో 'ప్లెయిన్', 'లాగిన్' అనే రెండు పద్ధతులు ఉంచితే చాలు. కానీ "టీఎల్‌ఎస్ లేకుండానే అనుమతించు" అనే సలహా ఎవరిచ్చినా పాటించకండి. పాస్‌వర్డ్ దారిలో అందరికీ కనబడుతుంది.

హ్యాష్ దగ్గరే ఇంకో చిక్కు ఉంది, దీన్ని పట్టుకోవడం కష్టం. 16 అక్షరాల సాల్ట్‌తో (యాదృచ్ఛికంగా కలిపే అక్షరాలు) ఎస్‌హెచ్‌ఏ512-క్రిప్ట్ అనే రకం హ్యాష్ 106 అక్షరాలు, ముందు స్కీమ్ పేరు చేరిస్తే 120. డేటాబేస్‌లో పాస్‌వర్డ్ కాలమ్ 64 అక్షరాలదైతే, మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను తిరస్కరించే సెట్టింగ్) లేకుంటే, మిగతాది తెగిపోతుంది. ఎర్రర్ రాదు, వార్నింగ్‌తో సరిపెడుతుంది. ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా అదే ఫలితం. కాలమ్‌ను 255 చేసి, పాస్‌వర్డ్ మళ్లీ సెట్ చేయండి.

అపోహ: పాస్‌వర్డ్ సరిచేశాకా కనెక్ట్ కాకపోతే సర్వర్ పాడైనట్టే.

వాస్తవం: ఫెయిల్‌2బ్యాన్ అనే కాపలా ప్రోగ్రామ్ అడ్డుకుని ఉండవచ్చు. డిఫాల్ట్‌గా 10 నిమిషాల్లో 5 తప్పులు జరిగితే ఆ ఐపీని 10 నిమిషాలు ఆపేస్తుంది. పాత పాస్‌వర్డ్‌తో పక్కన పడి ఉన్న ఒక్క టాబ్లెట్ చాలు, అదే రౌటర్ వెనకున్న అందరికీ మెయిల్ ఆగిపోతుంది. ముందు ఆ పరికరాన్ని సరిచేసి, తర్వాత ఫెయిల్‌2బ్యాన్ 'అన్‌బ్యాన్‌ఐపీ' (unbanip) కమాండ్ నడపండి. వరుస తిరగేస్తే మళ్లీ బ్యాన్ పడుతుంది.

అపోహ: ఎస్‌పీఎఫ్, డీకేఐఎమ్ సరిచేస్తే లాగిన్ అవుతుంది.

వాస్తవం: అవి మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని అవతలి సర్వర్‌కు చూపేవి. వాటికీ లాగిన్‌కూ సంబంధం లేదు.

అపోహ: సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ అవుతుంది, చూడక్కర్లేదు.

వాస్తవం: డిస్క్ మీది ఫైల్ మారినా, రీలోడ్ చేసేదాకా డవ్‌కాట్ పాతదే చూపిస్తుంది. సర్ట్‌బాట్ (సర్టిఫికెట్ రెన్యూ చేసే ప్రోగ్రామ్) డిప్లాయ్ హుక్‌లో, అంటే రెన్యూ అయ్యాక నడిచే చోట, రీలోడ్ కమాండ్ పెట్టండి. 'ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఎస్_క్లయింట్' (openssl s_client) కమాండ్‌తో మెయిల్ చదివే 993 పోర్టుకు కనెక్టయి గడువు తేదీని చూడండి. ఫైల్‌లోని తేదీ కాదు, సర్వర్ ఇస్తున్న తేదీయే లెక్క.