ఫ్యాను గిన్నెలో కాపురం

ఎండలు ముదిరేసరికి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎన్నో ఇళ్లలో ఒక తగువు మొదలవుతుంది. ఉక్కపోతకు తాళలేక తాతగారు ఫ్యాను వెయ్యమంటారు. వెయ్యడానికి వీల్లేదని మనవలు స్విచ్చుకు అడ్డం నిలబడతారు. ఫ్యాను కొక్కేన్ని కప్పి ఉంచే గిన్నెలోకి పిచ్చుకల జంట గడ్డి మోస్తోంది మరి! గిన్నెలో ఇమిడేది గుప్పెడు గడ్డి, నేల మీద రాలేది చేటెడు. నానమ్మ ఊడుస్తూనే ఉంటుంది, పిచ్చుక తెస్తూనే ఉంటుంది.

ఊరంతా చోటుండగా తిరిగే రెక్కల నెత్తి మీద కాపురం పెట్టడమేమిటని నవ్వు వస్తుంది. అయితే పిచ్చుక వైపు నుంచి చూస్తే దాని లెక్కలో తప్పేమీ లేదు. అది తొర్రలోనో సందులోనో గూడు కట్టే పిట్ట. పైన కప్పుండాలి, దారి ఇరుకుగా ఉండాలి, పిల్లికి అందకూడదు, కాకి తల దూర్చలేకపోవాలి. పెంకుటిళ్లలో చూరు కింద, దూలాల సందుల్లో ఇలాంటి చోట్లు కావలసినన్ని ఉండేవి. స్లాబు ఇళ్లు వచ్చాక గోడలు నున్నబడ్డాయి, సందులు పూడిపోయాయి. మిగిలిన తొర్రలు ఫ్యాను గిన్నె, కరెంటు మీటరు పెట్టె, గోడకు వాల్చి కట్టిన దేవుడి పటం వెనుక ఖాళీ. పిచ్చుక అడిగే షరతులన్నీ ఫ్యాను గిన్నె తీరుస్తుంది. స్విచ్చు సంగతి మాత్రం దాని లెక్కలో లేదు.

తేనెపిట్టది మరో తమాషా. పెరట్లో బట్టలారేసే దండెం కొసనో, వసారాలో వేలాడే బల్బు తీగకో సంచిలాంటి గూడు అల్లుతుంది. సాలెగూటి దారాలే దాని జిగురు, అవే దాని నార. అవి సాగుతాయి కాబట్టి పిల్లలు పెరిగేకొద్దీ గూడు చిరగకుండా వాటితో పాటే సాగుతుంది. బెరడు ముక్కలు, ఎండుటాకులు, గొంగళిపురుగుల రెట్టలు పైన అతికిస్తుంది. చూసేవాళ్లకు అది చెత్త వేలాడుతున్నట్టే ఉంటుంది, పిట్టకు కావలసిందీ అదే. సన్నని తీగ కొసకు పాము గానీ తొండ గానీ చేరడం కష్టం. మనుషులు మసిలే చోట కాకులూ కాస్త జంకుతాయి. గుడ్లు పొదగడానికి రెండు వారాలు, పిల్లలు ఎగరడానికి ఇంచుమించు మరో రెండు వారాలు. ఆ నెల రోజులూ ఇంట్లో చీరలన్నీ దండేనికి ఒక పక్కకే సర్దుకోవాలి. మా ప్రాంతంలో చాలామంది ఇల్లాళ్లు విసుక్కోకుండా సర్దుకుంటారు. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

తీతువు పిట్ట అసలు గూడే కట్టదు. గులకరాళ్ల మధ్య చిన్న గుంట చేసి, సాధారణంగా నాలుగు గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు రాళ్లలో రాళ్లలా కలిసిపోతాయి. దానికి కావలసింది గుడ్ల రంగులో కలిసే రాతి నేల, నాలుగు దిక్కులూ కనిపించే చోటు. ఇచ్ఛాపురం నుంచి పలాస, ఆమదాలవలస మీదుగా విజయనగరం దాకా పరుచుకున్న హౌరా–చెన్నై రైలు మార్గాన్ని దాని కళ్లతో చూడండి. అంతులేని కంకర నేల! మన దేశంలో ఈ పిట్ట పట్టాల మధ్య గుడ్లు పెట్టడం, రైలు వచ్చినప్పుడు లేచిపోయి, వెళ్లాక మళ్లీ వచ్చి పొదగడం పరిశీలకులు నమోదు చేశారు. ఎండ తీవ్రమైతే పొట్ట ఈకలు నీటిలో తడుపుకొచ్చి గుడ్లను చల్లబరుస్తుంది కూడా. ఇంత ఓపికగల తల్లిని మనవాళ్లు అపశకునం పిట్ట అంటారు. రాత్రివేళ అది అరిచేది ఎవరి చావు కోసమో కాదు, గుడ్ల దగ్గరకు నక్కో కుక్కో వచ్చిందని.

ఇక టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఊరికి ఊరే పక్షుల పురిటిగది. ఏటా వానాకాలం చివర గూడబాతులు, అంటే పెలికాన్లు, వాటితో పాటు పెయింటెడ్ స్టార్క్ కొంగలు వచ్చి ఇళ్ల నడుమ చెట్ల మీదే కాపురాలు పెడతాయి. గూడబాతు నాలుగైదు కిలోల బరువుంటుంది, రెక్కలు చాపితే రెండు మీటర్లు దాటుతుంది. అంతటి పక్షి చింత కొమ్మ మీద వాలడానికి పడే పాట్లు చూసి తీరాలి. కింద వాకిట్లో రెట్టలు, చేపల కంపు. అయినా పక్షులు రాకపోతే ఊరికి మంచిది కాదని అక్కడివాళ్ల నమ్మకం. పక్షులకూ ఇది మంచి బేరమే. దగ్గరలో నౌపడా చిత్తడి నేలల్లో చేపలు దొరుకుతాయి, జనం మధ్య ఉంటే వేటాడే జంతువుల బెడద తక్కువ. ఇవి సైబీరియా నుంచి వస్తాయని చాలామంది అంటారు గానీ, ఈ గూడబాతులు దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులే. వాటిది మన గడ్డే. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచిలోనూ నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు ఇలాగే ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి.

నన్ను ఎక్కువగా నవ్వించిన కబురు మాత్రం బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ నగరానిది. పక్షులు వాలకుండా భవనాల మీద ఇనుప ముళ్ల పట్టీలు బిగిస్తారు కదా, అక్కడి ఆసుపత్రి ఆవరణలో కాకి కుటుంబానికి చెందిన మాగ్‌పై పిట్టలు ఆ పట్టీలనే పీక్కొచ్చి గూడు కట్టుకున్నాయి. దాదాపు 1,500 ముళ్లు! ముళ్ల కొసలు బయటికి ఉండేలా గూటి కప్పుకు అమర్చుకున్నాయని నెదర్లాండ్స్ పరిశోధకులు 2023లో ప్రకటించారు. మన కాకులూ పుల్లలతో పాటు ఇనుప తీగలు గూటికి వాడతాయి. కరెంటు స్తంభం మీద అలాంటి గూడు తగిలితే వీధి మొత్తానికి చీకటే.

అన్ని కథలూ నవ్వుతో ముగియవు. ఒకప్పుడు మేలు చేసిన గుర్తులనే నమ్మి పక్షి ఇప్పుడు ప్రమాదకరమైన చోటును ఎంచుకుంటే, శాస్త్రజ్ఞులు దాన్ని ఆవరణ ఉచ్చు అంటారు. తిరిగే ఫ్యాను అలాంటిదే. 2020లో తమిళనాడులోని శివగంగ జిల్లాలో వీధి దీపాల స్విచ్చు పెట్టెలో ఒక పిట్ట గుడ్లు పెడితే, పొత్తకుడి గ్రామస్థులు నెల రోజులకు పైగా దీపాలు వెయ్యకుండా గడిపారు. మనకు అంత త్యాగం అక్కర్లేదు. ఫ్యాను గిన్నెను పైకప్పుకు ఆనించి సందు లేకుండా బిగించి, వసారాలో ఎండ తగలని చోట, మనిషి చేతికి అందనంత ఎత్తున ఒక చెక్క పెట్టె తగిలిస్తే చాలు. గడ్డి చేర్చకముందే ఈ పని చేయాలి. గుడ్లు పెట్టాక గూడు కదిపితే తల్లి వదిలేసిపోవచ్చు. పెట్టె ద్వారం 32 మిల్లీమీటర్లు ఉంటే పిచ్చుక సులువుగా దూరుతుంది, దానికంటే పెద్దదైన గోరువంక దూరలేదు.