బంగారు గాజుకీ నల్ల గాజుకీ ఒకే పరీక్ష

మొన్న చెన్నై టీ.నగర్‌లో, పానగల్ పార్కు దగ్గర ఒక నగల కొట్టుకి అమ్మమ్మ గాజులు మార్చడానికి వెళ్లాం. కొట్టతను గాజుని చిన్న పెట్టెలాంటి యంత్రంలో పెట్టి మూత వేశాడు. కాసేపటికే బంగారం ఎంత, రాగి ఎంత, వెండి ఎంత అని తెర మీద వచ్చేసింది. గీయలేదు, కరిగించలేదు. "అందులో ఏముందిరా?" అంది అమ్మమ్మ. ఎక్స్‌రే అమ్మమ్మా అన్నాను. అదే ఎక్స్‌రే వేల ఏళ్ల నాటి రాతిముక్క పుట్టినూరు కూడా చెబుతుంది.

ఆ రాయి అబ్సిడియన్. అగ్నిపర్వతపు లావా స్ఫటికాలు కట్టే వ్యవధి లేకుండా గబగబా చల్లారితే ఏర్పడే నల్లటి గాజు. పగిలిన అంచు బ్లేడంత పదును, అందుకే రాతియుగం మనుషులకి దానిమీద అంత మోజు. ఎక్కడిదైనా అందులో ఎక్కువ భాగం ఇసుకలో ఉండే సిలికాయే. అసలు రహస్యమంతా అతి కొద్దిగా కలిసిన రుబీడియం, స్ట్రాన్షియం, జిర్కోనియం లాంటి మూలకాల్లో ఉంది. వాటి పాళ్లు ఒక కొండవి ఇంకో కొండకి సాధారణంగా కలవవు.

ఎక్స్‌రే తగిలితే పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్ ఎగిరిపోతుంది. పై కక్ష్యలోది ఆ ఖాళీలోకి దిగుతూ కొత్త ఎక్స్‌రేని వదులుతుంది. దాని శక్తిని కొలిస్తే అది ఏ మూలకమో తెలిసిపోతుంది. 1964లో కాన్, రెన్‌ఫ్రూ అనే పరిశోధకులు అబ్సిడియన్ పుట్టినూరు పట్టే ఈ దారి వేసినప్పటి పద్ధతి వేరు, రాతిని కొంచెం పొడి చెయ్యాల్సి వచ్చేది.

నన్ను కదిలించేది గ్రీసులోని ఫ్రాంక్తి గుహ. అక్కడ సుమారు 13,000 ఏళ్ల నాటి పొరల్లో దొరికిన అబ్సిడియన్ మీలోస్ దీవిది. మంచుయుగంలో సముద్రమట్టం తగ్గినప్పుడు కూడా మీలోస్ ప్రధాన భూభాగంతో కలవలేదు. అంటే నీళ్లు దాటే తెచ్చుకున్నారు. ఇప్పటిదాకా దొరికిన పడవల్లో అతి పాతది, నెదర్లాండ్స్‌లోని పెస్సె దోనె, సుమారు 10,000 ఏళ్లది. దానికంటే మూడు వేల ఏళ్ల ముందే మనుషులు సముద్రం మీద వెళ్లొచ్చారు. ఆ పడవల్లో ఒక్క చెక్క కూడా మిగల్లేదు, సాక్ష్యం చెప్పింది అరచేతిలో పట్టే గాజుముక్కలు.

మన పల్లావరంలో 1863 మే 30న భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్‌కి దొరికిన రాతి పనిముట్టు మాత్రం క్వార్ట్‌జైట్. ఇసుకరేణువులు అతుక్కుని గట్టిపడిన రాయి, ఒకే కొండలో కూడా పాళ్లు మారుతుంటాయి. అబ్సిడియన్‌లా అది తన ఊరు తేలిగ్గా చెప్పదు. ఎగ్మూరు మ్యూజియంలో రాతి పనిముట్ల ముందు నిలబడ్డ ప్రతిసారీ, వీటిని చెక్కినవాళ్లు ఎంత దూరం నడిచి రాయి తెచ్చుకున్నారో అనే ఆలోచన నన్ను వదలదు.