చేర్యాల పటం: బొమ్మ మిగిలింది, కథ ఏమైంది?

చేర్యాల బొమ్మలు ఇప్పుడు చీరల మీద, దుపట్టాల మీద, బ్యాగుల మీద కనిపిస్తున్నాయి. ఎర్రటి నేపథ్యం, పెద్ద కళ్ల మనుషులు, తాటిచెట్లు, బతుకమ్మలు. చూడగానే గుర్తుపడతాం. ఇందులో కథ ఏది అని అడిగితే మాత్రం చాలాసార్లు జవాబు ఉండదు.

ఇప్పటి సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీలనే చిత్రకారుల కుటుంబాలు వేసిన ఈ పటం, అంటే పొడవాటి బొమ్మల గుడ్డ, గోడకు తగిలించుకోవడానికి పుట్టింది కాదు. అది కథ చెప్పేవాళ్ల పనిముట్టు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పేవారు కూనపులివారు. మాదిగలకు జాంబ పురాణం చెప్పేవారు డక్కలివారు. ముదిరాజులకు పాండవుల కథలు చెప్పేవారు కాకిపడగలవారు. ఏ కులం కథ ఆ కులానిదే, దానికి పటమూ వేరే. ఊరూరా తిరుగుతూ పటం వేలాడదీసి, ఒక్కో వరుసా విప్పుతూ పాడేవారు. మూడడుగుల వెడల్పు, 40 అడుగులు దాటే పొడవు. ఖద్దరు గుడ్డకు చింతగింజల గంజి, సుద్ద కలిపి పూతలు పూసి, ఆరాక బొమ్మ వేసేవారు. కథ మొత్తం తెలియనిదే ఏ ఘట్టం ఎక్కడ రావాలో నకాషీకి తెలియదు. ఆ చేతిపనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే. చిరిగిపోయిన పటాన్ని పారేసేవారు కాదు, పూజ చేసి నదిలో కలిపేవారు. పాత పటాలు ఇంత తక్కువగా దొరకడానికి అదీ ఒక కారణం.

తర్వాత సినిమా వచ్చింది, టీవీ వచ్చింది. కథ చెప్పించుకునే ఇళ్లు తగ్గాయి, చెప్పేవాళ్లు వేరే పనులు వెతుక్కున్నారు. పటం అడిగేవాళ్లే లేకపోతే నకాషీ ఎవరికి వేయాలి? హస్తకళల దుకాణాలకు వచ్చేవాళ్ల కోసం పటం ఫ్రేములో పట్టేంత చిన్నదైంది, మాస్కులు, కీచైన్లు వచ్చాయి. పురాణం స్థానంలో పల్లె దృశ్యాలు చేరాయి. ఆ కుటుంబాలను తప్పు పట్టలేం, వాళ్ల పొయ్యి వెలిగింది దానివల్లే. బాధల్లా బొమ్మ ఒంటరిదైపోయిందని.

చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే 18 అడుగులు. పాత పటంలో దాదాపు సగం. కుచ్చిళ్లలో మడతపడేది పోయినా కొంగు మిగులుతుంది. మూలపురుషుడు భావనారుషి తామర నారతో దేవతలకు బట్ట నేసిన కథ పద్మశాలీలది. వాళ్ల మగ్గం మీద నేసిన చీర కొంగున ఆ కథను వరుసగా, మొదటి ఘట్టం నుంచి వేయించమని నకాషీని అడగవచ్చు.