ఏ కుక్క తీరు దానిదే

ఒకే ఈతలో పుట్టిన రెండు కుక్కపిల్లల్ని ఒకే ఇంట్లో పెంచినా, వాక్యూమ్ క్లీనర్ ఆన్ చేయగానే ఒకటి మంచం కింద దూరుతుంది, రెండోది మిషన్ మీదికి ఎగబడి మొరుగుతుంది. కుక్కను పెంచేవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. "మావాడు కొంచెం పిరికి", "మాది మొండిఘటం" అని ఇంట్లో మనిషి గురించి చెప్పినట్టే చెబుతారు. సైన్స్ మాత్రం ఈ మాటల్ని చాలాకాలం పట్టించుకోలేదు. జంతువుకి వ్యక్తిత్వం ఉందంటే మన ఊహల్ని దానికి అంటగట్టినట్టేనని శాస్త్రవేత్తలు జంకేవారు.

ఆ జంకు లేనివాళ్లలో ముందు చెప్పుకోవాల్సింది రష్యన్ శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్‌ని. ఆయన పేరు వినగానే, తిండి వస్తుందన్న సంకేతానికే కుక్క నోరూరుతుందని చూపిన లాలాజలం ప్రయోగమే గుర్తొస్తుంది గానీ, ఏళ్ల తరబడి కుక్కలతో పనిచేసి ఆయన గమనించిన సంగతి ఇంకోటి ఉంది. శిక్షణ ఒకటే అయినా కుక్కలన్నీ ఒకేలా స్పందించవు. కొన్ని ఊరికే ఉత్సాహపడిపోతాయి, కొన్ని నింపాదిగా ఉంటాయి, కొన్ని చీటికీ మాటికీ బెదురుతాయి. ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్ పేరు మీద చెలామణిలో ఉన్న నాలుగు రకాల మనుషుల వర్గీకరణనే ఆయన కుక్కలకీ వాడాడు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌లో వరదలొచ్చి ప్రయోగశాల కుక్కల గూళ్లు మునిగాయి. సిబ్బంది కుక్కల్ని ఈదించుకుంటూ బయటికి తెచ్చారు. నీళ్లు తీశాక కొన్ని ఏమీ జరగనట్టే మామూలైపోయాయి. కొన్ని మాత్రం అప్పటిదాకా నేర్చుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయినట్టు ప్రవర్తించాయి. అలాంటి ఒక కుక్క కోలుకున్నాక, అది ఉన్న గదిలోకి తలుపు కింద నుంచి చప్పుడు కాకుండా సన్నటి నీటిధార వదిలారు. అంతే, కుక్క గభాల్న లేచి, నేలకేసి చూస్తూ, రొప్పుతూ, ప్రయోగం కోసం నిలబెట్టిన స్టాండ్ మీంచి దిగిపోవాలని గింజుకుంది. ఇప్పుడైతే ఇలాంటి ప్రయోగానికి అనుమతి దొరకడం కష్టమే. అదే వరదని అన్నీ చూశాయి, కానీ అది ఒక్కో దాని మీద ఒక్కోలా పనిచేసిందన్నది మాత్రం ఇప్పటికీ గుర్తుంచుకోదగ్గ విషయం.

యజమాని చెప్పే మాటని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మరో ప్రశ్న. 2003లో శామ్ గాస్లింగ్, ఆయన సహచరులు దీన్ని సూటిగా పరీక్షించారు. కుక్క ఎంత చురుకైనది, ఎంత ఆప్యాయత చూపిస్తుంది, ఎంత త్వరగా బెదురుతుంది, ఎంత తెలివైనది అని యజమానిని అడిగారు. ఆ కుక్కని ఎరిగిన ఇంకొకరినీ అడిగారు. తర్వాత దాన్ని పార్కులో చిన్న చిన్న పనులు చేయిస్తూ ముక్కూమొహం తెలియనివాళ్లకి చూపించి వాళ్లనీ మార్కులు వేయమన్నారు. మనుషుల స్వభావం గురించి అడిగితే జవాబులు ఎంతవరకు కలుస్తాయో, కుక్కల విషయంలోనూ దాదాపు అంతే కలిశాయి. మావాడు పిరికి అన్న మాట గారాబం కొద్దీ అన్నది మాత్రమే కాదన్నమాట.

ఆ పిరికితనం ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే మాత్రం మనలో చాలామంది బ్రీడ్ పేరు చెప్పేస్తాం. ఫలానా జాతి నమ్మకస్తురాలు, ఫలానాది పిల్లలతో బాగుంటుంది, ఫలానాది కరుస్తుంది. ఈ నమ్మకం మీద పెద్ద దెబ్బ 2022లో పడింది. ఎలినార్ కార్ల్‌సన్ బృందం అమెరికాలో 18,385 పెంపుడు కుక్కల యజమానులతో ప్రశ్నావళులు నింపించింది. వాటిలో 2,155 కుక్కల డీఎన్‌ఏని చదివింది. జాతి కుక్కలతో పాటు రకరకాల జాతులు కలిసిన కుక్కలు కూడా పెద్దసంఖ్యలో ఉండటమే ఈ అధ్యయనం బలం. ఎందుకంటే జాతి కుక్క విషయంలో యజమాని ముందే ఒక అభిప్రాయంతో ఉంటాడు. ఏ జాతులు కలిశాయో తెలియని కుక్క దగ్గర ఆ ఇబ్బంది ఉండదు. తేలిందేమిటంటే, ఒక కుక్క ప్రవర్తనకీ ఇంకో కుక్క ప్రవర్తనకీ ఉన్న తేడాలో బ్రీడ్ వల్ల వచ్చేది సుమారు 9 శాతమే. ఒక్క జాతికే పరిమితమైన ప్రవర్తన అంటూ ఏదీ దొరకలేదు. ఊళ వేయడంలో లాబ్రడార్లు బాగా వెనకబడ్డాయి, అయినా వాటిలోనూ ఊళ వేసేవి కనిపించాయి.

అలాగని బ్రీడ్‌ని పూర్తిగా కొట్టిపారేయలేం. మనిషి చెప్పింది వినే గుణంలో జాతి ప్రభావం కాస్త గట్టిగానే కనిపించింది. గొర్రెల్ని కాసే జాతి అయిన బోర్డర్ కోలీ మాట వింటుందనుకుంటే చాలాసార్లు నిజమే అవుతుంది. చిన్నదానికే రెచ్చిపోయే గుణంలో మాత్రం జాతి చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు. చిత్రంగా జనం భయపడి జాతి పేరు అడిగేది సరిగ్గా ఈ గుణం గురించే.

కారణం ఊహించడం కష్టం కాదు. కుక్క మనిషి వెంట కనీసం 14,000 ఏళ్లుగా ఉంది. ఇప్పుడు మనం చూసే జాతుల్లో చాలావాటిని ఒక కొలతకి తెచ్చింది మాత్రం పందొమ్మిదో శతాబ్దంలోనే. బ్రిటన్‌లో జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పెట్టింది 1873లో. కుక్కల షోలలో బహుమతులు చెవుల తీరుకీ, బొచ్చు రంగుకీ, ఒంటి ఆకారానికీ వచ్చాయి గానీ, ఇంట్లో ఎలా మసలుకుంటుందన్న దానికి కాదు. ఇక్కడ ఒక పొరపాటు జరిగే వీలుంది. బ్రీడ్ పెద్దగా చెప్పలేదంటే జన్యువులు పెద్దగా పనిచేయవని కాదు. గుణాల్లో కొన్ని వంశపారంపర్యంగా బాగానే వస్తాయి. కాకపోతే ఆ జన్యువులు జాతి గీతల మధ్య బుద్ధిగా కూర్చోవు.

ఒక జన్యువు ఇంట్లో రోజువారీ అల్లరిగా ఎలా మారుతుందో చూడాలంటే లాబ్రడార్ తిండియావ దగ్గరికి రావాలి. గిన్నె నాకేసి, మళ్లీ గిన్నె పక్కనే కూర్చుని మన మొహంలోకి చూసే లాబ్రడార్ ఉన్న ఇంట్లో దీనికి వివరణ అక్కర్లేదు. 2016లో కేంబ్రిడ్జ్‌లో ఎలినార్ రాఫన్ బృందం ఆకలిని అదుపులో ఉంచడంలో పాత్ర ఉన్న పీఓఎమ్‌సీ అనే జన్యువులో ఒక ముక్క పోయిన లాబ్రడార్లు ఉన్నాయని కనిపెట్టింది. సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఈ లోపం ఉంది. వికలాంగులకి సాయపడేలా శిక్షణ ఇచ్చే లాబ్రడార్లలో చూస్తే నాలుగింట మూడింటిలో కనిపించింది! అది యాదృచ్ఛికం కాకపోవచ్చు. తిండి అంటే పడిచచ్చే కుక్కకి బిస్కెట్ ఆశ చూపించి నేర్పడం తేలిక కాబట్టి ఎంపికలో అవే ముందుకొచ్చి ఉంటాయి. అదే బృందం 2024లో ఇంకాస్త లోతుకి వెళ్లింది. కడుపు నిండి ఇక వద్దనే వరకు అన్నిటికీ తిండి పెడితే, లోపమున్నవీ లేనివీ సమానంగానే తిన్నాయి. పొద్దున తిండి పెట్టిన మూడు గంటల తర్వాత, బయటికి కనబడే డబ్బాలో సాసేజ్ పెట్టి మూత బిగించి ముందు పెడితే మాత్రం లోపమున్నవి దాన్ని తీయడానికి చాలా ఎక్కువ తంటాలు పడ్డాయి. అంటే వీటికి కడుపు నిండుతుంది గానీ ఆకలి తొందరగా తిరిగొస్తుంది. దీనికి తోడు విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంట్లో ఖర్చయ్యే శక్తి కూడా సుమారు పావు వంతు తక్కువ. మన కళ్లకి అత్యాశగా కనిపించే ప్రవర్తన వెనక ఇంత లెక్క ఉంది.

పిల్లప్పటి అనుభవాల సంగతికొస్తే, అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అయిదు జాతుల మీద ఏళ్ల తరబడి చేసిన పని ఇప్పటికీ ఆధారం. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల ఎవర్ని, ఏ చప్పుళ్లని, ఎలాంటి చోట్లని చూసిందన్నది దాని తర్వాతి జీవితం మీద బాగా పనిచేస్తుంది. అప్పటికి మనింటికి ఇంకా రాని పిల్ల విషయంలో మనం చేయగలిగింది ఏమీ ఉండదు.

ఇక మనం కుక్కలో లేనిది చూసే సందర్భాలూ ఉన్నాయి. తప్పు చేసిన మొహం అందరికీ తెలుసు. చెవులు వెనక్కి వాల్చి, తల దించి, కళ్లు పక్కకి తిప్పి, తోకని కాళ్ల మధ్యకి లాక్కుని, ఒక్కోసారి ముందుకాలు ఒకటి గాల్లోకెత్తి నిలబడుతుంది. 2009లో అలెగ్జాండ్రా హొరొవిట్జ్ 14 కుక్కల మీద ఒక కిటుకు ప్రయోగం చేసింది. యజమాని బిస్కెట్ పెట్టి తినొద్దని చెప్పి బయటికి వెళ్తారు. వాళ్లు లేనప్పుడు ప్రయోగం చేసేవాళ్లు ఒకసారి బిస్కెట్‌ని కుక్కకి తినిపిస్తారు, ఒకసారి తీసేస్తారు. యజమానికి మాత్రం కొన్నిసార్లు నిజం, కొన్నిసార్లు అబద్ధం చెబుతారు. తిన్నదా లేదా అన్నదానికీ ఆ మొహానికీ సంబంధమే కనబడలేదు. యజమాని తిడితే మొహం మారింది, తిట్టకపోతే లేదు. ముట్టుకోకుండా తిట్లు తిన్న కుక్కల్లో ఆ మొహం ఇంకా ఎక్కువగా కనిపించింది. కుక్కకి పశ్చాత్తాపం అనేదే ఉండదని ఈ ప్రయోగం తేల్చలేదు. ఆ మొహం చూసి "చేసింది తెలుసు కాబట్టే ఇలా చూస్తోంది" అనడం మాత్రం కుదరదని తేల్చింది. నాకైతే అది తప్పు ఒప్పుకోవడం కన్నా, కోపంగా ఉన్న మనిషిని చల్లార్చే ప్రయత్నంలాగే అనిపిస్తుంది. ఆ పని అది బాగానే చేస్తుంది కూడా.

మనమంటే ఇష్టమా, మనం పెట్టే తిండి అంటే ఇష్టమా అని అనుమానపడేవాళ్లకి ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగొరీ బర్న్స్ బృందం కాస్త ఊరటనిచ్చింది. మత్తు ఇవ్వకుండా, ఎమ్మారై మిషన్‌లో కదలకుండా పడుకునేలా కుక్కలకి నేర్పించి, మెచ్చుకోబోతున్నారని తెలిసినప్పుడూ తిండి రాబోతోందని తెలిసినప్పుడూ మెదడు ఎలా స్పందిస్తుందో పోల్చారు. 15 కుక్కల్లో 13 కుక్కలకి మెచ్చుకోలు తిండితో సమానంగానో అంతకన్నా ఎక్కువగానో నచ్చింది. మిగతా రెండూ తిండికే ఓటేశాయి, వాటి నిజాయితీని మెచ్చుకోవాలి.

ప్రతి వింత అలవాటునీ స్వభావం ఖాతాలో వేయడం మాత్రం ప్రమాదం. ఫిన్లాండ్‌లో 13,700కి పైగా కుక్కల మీద చేసిన సర్వేలో చప్పుళ్లకి భయపడటం అన్నిటికన్నా ఎక్కువగా, 32 శాతం కుక్కల్లో కనిపించింది. చిన్నప్పటి నుంచీ ఉరుముకి వణికే కుక్క అయితే అది దాని తీరు. ఎనిమిదేళ్లు ఏ ఉరుముకీ చలించని కుక్క ఉన్నట్టుండి వణకడం మొదలుపెడితే వేరే సంగతి. బ్రిటన్‌లోని లింకన్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ మిల్స్, ఆయన సహచరులు 2018లో చప్పుడు భయం ఉన్న కుక్కల్ని పరిశీలిస్తే, ఒంట్లో కండరాలదో కీళ్లదో నొప్పి ఉన్నవాటిలో ఆ భయం మిగతావాటికన్నా సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చప్పుడుకి ఉలిక్కిపడి ఒళ్లు బిగుసుకుంటే నొప్పి ఇంకా పెరుగుతుంది, ఆ నొప్పి చప్పుడుతో ముడిపడిపోతుందని వాళ్ల ఊహ. అలాంటి కుక్కకి ధైర్యం నేర్పే శిక్షణ కన్నా ముందు పశువైద్యుడి చేత నడుమూ కీళ్లూ చూపించాలి.