కవరుకు ధర పోయింది, మందం మిగిలింది

తిరుపతి అంగళ్ళలో మళ్ళీ ప్లాస్టిక్ కవర్ల తనిఖీల మాట వినబడుతోంది. ఇది ఎప్పుడు మొదలైనా జరిగేది ఒకటే. సిబ్బంది కౌంటరు కింద చెయ్యి పెట్టి కవర్ల కట్ట బయటికి లాగుతారు, జరిమానా రాస్తారు. అంగడాయన రెండు రోజులు "కవరు లేదన్నా, సంచి తెచ్చుకో" అంటాడు. మూడో రోజుకి కట్ట మళ్ళీ కౌంటరు కిందకే చేరుతుంది.

కాలువలు పూడుకోవడం, ఆవుల కడుపులో కవర్లు దొరకడం అందరికీ తెలిసిన కథే. ఆ ఆవుల గోడును 2012లో సుప్రీంకోర్టు దాకా తీసుకెళ్ళింది మన పక్కనున్న పుట్టపర్తి జంతు సంక్షేమ సంస్థే అన్న సంగతి మాత్రం చాలామంది మరిచిపోయారు. అయితే ఇవాళ్టి తగువు అర్థం కావాలంటే చూడాల్సింది అది కాదు. 2018 మార్చిలో ఢిల్లీలో చడీచప్పుడు లేకుండా జరిగిన ఒక సవరణను చూడాలి.

అంతకుముందు చట్టం కవరుకు ఒక వెల ఉండాలన్న దారిలో నడిచింది. కేంద్రం తెచ్చిన 2011 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు కవరును ఉచితంగా ఇవ్వకూడదన్నాయి. 2016 నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. ప్లాస్టిక్ కవరు ఇవ్వాలనుకునే అంగడి స్థానిక సంస్థలో నమోదు చేయించుకోవాలి, నెలకు కనీసం 4,000 రూపాయలు, అంటే ఏడాదికి 48,000 కట్టాలి, కవరుకు డబ్బు తీసుకుంటామని బోర్డు పెట్టాలి. కొత్తిమీర కట్టలమ్మే తోపుడుబండికి రోజుకు 130 రూపాయల పైమాటే. అది కట్టగలిగే లెక్క కాదు, నిజమే. కానీ లెక్క తప్పితే లెక్క దిద్దాలి. 2018 మార్చి 27 సవరణ ఏకంగా ఆ నిబంధననే తీసేసింది.

ధర పోయాక చట్టం చేతిలో మిగిలింది మందం ఒక్కటే. 2016లో కవరు మందం కనీసం 50 మైక్రాన్లుండాలన్నారు, మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 2021 ఆగస్టులో మళ్ళీ సవరించి ఆ సెప్టెంబరు 30 నుంచి 75 అన్నారు, 2022 డిసెంబరు 31 నుంచి 120 అన్నారు. 120 మైక్రాన్లంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు కూడా ఉండదు. దాన్ని వేళ్ళతో నలిపి కనిపెట్టమంటే ఎవరి వల్ల అవుతుంది? కవరు మీద మందం అచ్చేసి ఉండాలని 2016 నిబంధనలన్నాయి. ఆ అచ్చు నిజమో కాదో తేల్చే పరికరం చిల్లర కొట్టులో ఉండదు. "హోల్‌సేలు వాడు ఇది మందమే అని బిల్లు లేకుండా ఇస్తాడు, పట్టుబడేది నేను" అనేది భేరి వీధి నుంచి కొర్లగుంట దాకా ఏ అంగట్లో అడిగినా వినపడే మాట. అదే అంగట్లో పైనుంచి కింది దాకా వేలాడే చిప్సు, షాంపూ ప్యాకెట్ల జోలికి ఎవరూ రారు. సరుకుతోపాటు ముందే సీలు చేసి వచ్చిన ప్యాకెట్టు చట్టం లెక్కలో క్యారీ బ్యాగు కాదు. దాని బాధ్యత కంపెనీలది, ఆ లెక్కలు వేరే పుస్తకంలో ఉంటాయి.

2021 సవరణలోనే ఇంకో తమాషా ఉంది. గుడ్డ సంచిలా కనబడే నాన్ వోవెన్ (నేయని) బ్యాగుకు కనీసం 60 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 60 గ్రాముల బరువు అన్న కొలత పెట్టారు. అది గుడ్డ కాదు, సాధారణంగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్కే. బట్టల షాపువాళ్ళు ఇస్తే మనం సంతోషంగా ఇంటికి తెచ్చుకుని మడతపెట్టి దాచుకుంటాం. ఏడాది తిరిగేసరికి అది పొడిపొడిగా రాలుతుంది.

పోనీ అంగడాయనే సొంతంగా ధర పెట్టుకోవచ్చు కదా? పెద్ద షాపులు ఆ పని చేశాయి. 2020 డిసెంబరులో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక పెద్ద రిటైల్ సంస్థ కేసులో, ముందుగా చెప్పకుండా బిల్లు దగ్గర బ్యాగుకు డబ్బు వసూలు చేయడం అన్యాయమని తేల్చింది. కొనేవాడి వైపు నుంచి అది సబబైన తీర్పే. చిల్లర కొట్టుకు అసలు ఆ కేసుల భయం లేదు, పక్కంగడి భయముంది. బండి దిగకుండానే అర కిలో చక్కెర, పావు కిలో కందిపప్పు అడిగే మనిషికి "కవరు రెండు రూపాయలు" అంటే, "ఏందన్నా, వంద రూపాయల బేరానికి కవరు కూడా ఇయ్యవా" అని బండి ముందుకు పోనిస్తాడు.

అధికారుల వాదన కూడా కొట్టిపారేయలేం. పలచటి కవరును చిత్తు ఏరేవాళ్ళు ముట్టుకోరు, బరువు తూగదు. అది కాలువలోకే పోతుంది. 2021 నవంబరు వానలకు ఊరు మునిగినప్పుడు చూసినవాళ్ళకు కాలువల సంగతి వేరే చెప్పనక్కరలేదు.

వాళ్ళు చూపించే ఉదాహరణ కొండ. 2022 జూన్ 1 నుంచి తిరుమలలో షాపులతో సహా ప్లాస్టిక్ నిషేధం అమలైంది. కింద ఎందుకు కాదంటారు. కానీ ఏ బండయినా అలిపిరి తనిఖీ దాటాలి, షాపులన్నీ దేవస్థానం అనుమతితో నడిచేవి. రేణిగుంట, చంద్రగిరి, శ్రీకాళహస్తి వైపు నుంచి లారీలొచ్చే ఊరికి అలాంటి గేటేదీ? ఇంకా ముఖ్యమైంది, కొండ మీద లడ్డూ వేరు, సంచి వేరు. సంచి కావాలంటే వేరే డబ్బిచ్చి కొనుక్కోవాలి. రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ మొక్కజొన్న పిండితో రూపొందించిన సంచులకు 2021 ఆగస్టులో అక్కడ కౌంటరే తెరిచారు. నీళ్ళ గాజు సీసా తిరిగిస్తే డబ్బు వెనక్కిస్తారు. 2018లో కింద చట్టం వదిలేసిన ధర అక్కడ నడుస్తూనే ఉంది.

సూపర్ మార్కెట్టుకూ తమకూ ఒకే ధర, ఒకే బోర్డు పెడితే కవర్లు మానేస్తామని చిన్న అంగళ్ళ వాళ్ళు అంటారు. జరిమానా రసీదులో ఆ మాట రాసుకోవడానికి గడి లేదు.