డిసెంబర్ 4 పాటల విశేషాలు: అపోహలు - వాస్తవాలు

రేడియోలో "ఈ రోజు విశేషం" స్క్రిప్టులు రాసేవాళ్లకు డిసెంబర్ 4 పండగే. పుట్టినరోజులు, ఒక అగ్నిప్రమాదం, ఒక బ్యాండ్ వీడ్కోలు, అన్నీ ఒకే తేదీన. ఫార్వర్డ్ మెసేజీల్లో తేదీ మామూలుగా సరిగ్గానే ఉంటుంది. అంతకుముందూ ఆ తర్వాతా జరిగినవన్నీ కూడా ఆ ఒక్క రోజు ఖాతాలో వేసేస్తారు, పేచీ అక్కడ.

అపోహ: 1971లో ఈ రోజు స్విట్జర్లాండ్‌లోని మోంట్రో క్యాసినోలో బ్రిటిష్ రాక్ బ్యాండ్ డీప్ పర్పుల్ వాయిస్తుండగా మంటలు లేచాయి. వాళ్ల 'స్మోక్ ఆన్ ద వాటర్' పాట ఆ రాత్రే పుట్టింది.

వాస్తవం: స్టేజీ మీద ఉన్నది అమెరికన్ రాక్ సంగీతకారుడు ఫ్రాంక్ జాపా బృందం. జనంలో ఎవరో ఫ్లేర్ గన్ (మండే సంకేతాలు వదిలే తుపాకీ) పైకి పేల్చడంతో కప్పు అంటుకుంది. భవనం కాలిపోయింది గానీ ఎవరి ప్రాణమూ పోలేదు. డీప్ పర్పుల్ వాళ్లు అదే క్యాసినోలో ఆల్బమ్ రికార్డు చేద్దామని ఊళ్లోకి దిగారు, రోలింగ్ స్టోన్స్ వాళ్ల రికార్డింగ్ ట్రక్కు కూడా అద్దెకు తెచ్చుకున్నారు. తీరా చోటే లేకుండా పోయింది. పెవిలియన్ అనే థియేటర్లో ఈ పాట వాయిద్యాల ట్రాక్ పట్టేసరికి, రాత్రిపూట ఆ మోత భరించలేక ఇరుగుపొరుగు ఫిర్యాదు చేశారు, పోలీసులు వచ్చారు. చివరికి గ్రాండ్ హోటల్లో సర్దుకుని మిగతా ఆల్బమ్ ముగించారు. పాట పేరు బాస్ గిటారిస్టు రోజర్ గ్లోవర్‌కు మంటల తర్వాత కొన్నాళ్లకు, నిద్ర లేస్తూ తట్టింది. ఆల్బమ్ వచ్చింది 1972 మార్చిలో, పాట అమెరికాలో సింగిల్‌గా మోగింది 1973లో. గిటార్ పట్టిన ప్రతి కుర్రాడూ మొదట వాయించే ఆ నాలుగు స్వరాల ముక్క వెనక ఇంత తిరుగుడు ఉంది. "ఆ రాత్రే పుట్టింది" అని రాస్తే ఇదంతా ఎగిరిపోతుంది.

జాపా చనిపోయింది కూడా డిసెంబర్ 4నే, కానీ 1993లో, ప్రోస్టేట్ క్యాన్సర్‌తో. మంటలకూ దానికీ సంబంధం లేదు.

అపోహ: ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది ఘంటసాల ఊళ్లో.

వాస్తవం: కృష్ణా జిల్లాలో ఆ పేరుతో ఊరు ఉన్న మాట నిజమే, అందుకే ఈ పొరపాటు. 1922 డిసెంబర్ 4న ఆయన పుట్టింది గుడివాడ దగ్గరి చౌటపల్లిలో. ఘంటసాల ఇంటిపేరు. ఆయన పుట్టినరోజు స్క్రిప్టుల్లో "గాయకుడు" అని ఒక్క ముక్కతో సరిపెట్టడం నాకు నచ్చదు. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకెళ్లిన మనిషి ఆయన, 'పాతాళ భైరవి'కి సంగీత దర్శకుడు. అలాగని 'మాయాబజార్' ట్యూన్లన్నీ ఆయనవే అన్నా తప్పే. ఆ సినిమాకు మొదట పెట్టుకున్నది సాలూరి రాజేశ్వరరావును. ఆయన 'లాహిరి లాహిరి' లాంటి కొన్ని పాటలకు బాణీలు కట్టి తప్పుకున్నాక మిగతా పని ఘంటసాల మీద పడింది. ఇద్దరి పేర్లూ చెప్పడానికి రేడియోలో పట్టేది ఐదు సెకన్లు.

అపోహ: 1956లో ఈ రోజు అమెరికన్ గాయకులు ఎల్విస్ ప్రెస్లీ, జానీ క్యాష్, కార్ల్ పెర్కిన్స్, జెర్రీ లీ లూయిస్ కలిసి ఆల్బమ్ చేయడానికి మెంఫిస్‌లోని సన్ స్టూడియోకు వచ్చారు.

వాస్తవం: ఆ రోజు సెషన్ పెర్కిన్స్‌ది. పియానోకు లూయిస్‌ను పెట్టుకున్నారు. ఎల్విస్ అప్పటికే ఆర్‌సీఏ అనే వేరే రికార్డు కంపెనీ మనిషి, ఊరికే పలకరించడానికి వచ్చాడు. పాత భక్తి పాటలూ అవీ ఇవీ పాడుకుంటుంటే టేపు తిరిగింది, స్టూడియో యజమాని సామ్ ఫిలిప్స్ పేపరువాళ్లకు కబురు పెట్టాడు. 'మిలియన్ డాలర్ క్వార్టెట్' అన్న పేరు ఆ పేపరువాళ్లు పెట్టిందే. టేపులో క్యాష్ గొంతు వినపడీ వినపడనట్టే ఉంటుంది. తాను అందరికంటే ముందొచ్చి చివరిదాకా ఉన్నానని, మైక్‌కు దూరంగా నిలబడి పాడానని ఆయన తర్వాత రాసుకున్నాడు. ఆ రోజు పాడినవి రికార్డుగా జనానికి చేరేసరికి 1980లు వచ్చేశాయి.

ఇక బ్రిటిష్ రాక్ బ్యాండ్ లెడ్ జెప్పెలిన్, ఈ రోజే విడిపోయిందని రాస్తుంటారు. డ్రమ్మర్ జాన్ బోనమ్ పోయింది 1980 సెప్టెంబర్ 25న. ఆ ఏడాది డిసెంబర్ 4న వచ్చింది ఒక ప్రకటన మాత్రమే, అందులోనూ "విడిపోతున్నాం" అన్న మాట ఎక్కడా ఉండదు, మునుపటిలా కొనసాగలేమన్నారు. స్క్రిప్టులో నేనూ అంతవరకే రాస్తాను.

అమెరికన్ ర్యాపర్ జే-జీ విషయంలో ఈ టెన్షనే లేదు. 1969లో ఈ రోజున పుట్టాడు, ఆ తేదీనే పేరుగా పెట్టి 2003లో పాట చేశాడు, తన పుట్టుక గురించి అందులో వాళ్లమ్మ చేతే చెప్పించాడు.