ట్రెజర్ ఐలాండ్‌ని ఆన్‌లైన్‌లో చెప్పడం: అపోహలు - వాస్తవాలు

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ నవలలు చదివిస్తుంటాను. వాటిలో ఎక్కువసార్లు చదివించింది రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ రాసిన 'ట్రెజర్ ఐలాండ్'. కొత్తగా ఈ పని మొదలుపెట్టే టీచర్లు అడిగే ప్రశ్నల్లోనూ, స్టాఫ్‌రూమ్ కబుర్లలోనూ కొన్ని అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తాయి, వాటి గురించే ఇది. కథ చివరిదాకా మాట్లాడతాను కాబట్టి ఇంకా చదవనివాళ్లు పుస్తకం చదివి రండి.

అపోహ: ఆ ఇంగ్లిష్ మన పిల్లలకి ఎక్కదు, ముందు సారాంశం చెప్పేయాలి.

మొదటి వాక్యమే చాంతాడంత ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఇది పిల్లల వారపత్రికలో సీరియల్‌గా పుట్టిన నవల. 1881 అక్టోబర్ నుంచి 1882 జనవరి దాకా 'యంగ్ ఫోక్స్'లో వచ్చింది, అదీ కెప్టెన్ జార్జ్ నార్త్ అనే మారుపేరుతో. పుస్తకంగా వచ్చింది 1883లో. అందుకే 34 అధ్యాయాలూ పొట్టిగానే ఉంటాయి, చాలావరకు తర్వాత ఏమైందో అన్న టెన్షన్ దగ్గరే ఆగుతాయి. ఆ టెన్షన్‌ని మనమే ముందుగా తీసేస్తే, ఇక పిల్లలు ఆ భాషతో ఎందుకు కుస్తీ పట్టాలి చెప్పండి? మనలో చాలామంది ఇలాంటి నవలల్ని నాన్‌డీటెయిల్‌గా, ఇంకా చెప్పాలంటే గైడ్‌గా చదివినవాళ్లమే కదా, ఆ అలవాటు పోలేదు.

నేను మొదటి అధ్యాయం స్క్రీన్ షేర్ చేసి గట్టిగా చదువుతాను. తర్వాతవి లిబ్రివాక్స్‌లో ఉచితంగా దొరికే ఆడియో వింటూ పుస్తకం చూడమంటాను. ఓడ భాగాల పేర్లన్నిటికీ ముందే అర్థాలు రాయించడం మాత్రం శుద్ధ దండగ, వాటిలో సగం తెలియకపోయినా కథ ఆగదు. కథ చెప్పే కుర్రాడు జిమ్ ఓడలో యాపిల్ పీపాలో నక్కి దొంగల కుట్ర వినే పదకొండో అధ్యాయాన్ని మాత్రం నండూరి రామమోహనరావు గారి 'కాంచన ద్వీపం'లో ముందు తెలుగులో చదివించి, ఆ తర్వాత ఇంగ్లిష్‌లోకి వెళ్తాను. ఇంగ్లిష్ అంటే బెదిరిపోయే పిల్లలు కూడా ఆ రోజు మైక్ ఆన్ చేస్తారు.

అపోహ: క్విజ్‌లో మార్కులు వచ్చాయంటే చదివినట్టే.

కహూట్ అనే క్విజ్ యాప్ పెడితే క్లాసంతా హుషారుగా ఉంటుంది, కాదనను. కానీ "జిమ్ వాళ్ల సత్రం పేరేంటి?" అన్న ప్రశ్నకి యూట్యూబ్‌లో పది నిమిషాల వీడియో చూసినవాడే అందరికంటే ముందు నొక్కుతాడు. పుస్తకం చదివిన పిల్ల ఆలోచిస్తూ వెనకబడుతుంది.

దాని బదులు ఒకే ఒక్క ప్రశ్నతో, పేర్లు కనపడని పోల్ పెట్టి చూడండి: "సిల్వర్‌ని నమ్మొచ్చా?" సిల్వర్ అంటే ఓడలో వంటవాడిగా చేరే ఒంటికాలి మనిషి, నిజానికి ఓడదొంగల నాయకుడు. ఎనిమిదో అధ్యాయం అయ్యాక అడగండి. ఒంటికాలి నావికుడు కనిపిస్తే చెప్పమని సత్రంలో దిగిన ముసలి నావికుడు బిల్లీ బోన్స్ జిమ్‌కి నెలనెలా డబ్బులు కూడా ఇచ్చాడు, బిల్లీని వెతుక్కుంటూ సత్రానికి వచ్చిన దొంగ బ్లాక్ డాగ్ సిల్వర్ హోటల్లోనే కనిపించి పారిపోయాడు, అయినా ఆ పెద్దమనిషి మాటకారితనానికి జిమ్‌తో పాటు మన క్లాసూ పడిపోతుంది. పీపా అధ్యాయం తర్వాత మళ్లీ అడగండి. పద్నాలుగులో తనతో చేరనన్న నావికుడు టామ్‌ని అతను చంపాక ఒకసారి, ఇరవై ఎనిమిదిలో తన మనుషులకే ఎదురు తిరిగి జిమ్‌ని కాపాడాక ఇంకోసారి. ఫలితాలన్నీ పక్కపక్కన పెట్టి చూపించి, "ఇక్కడ మీ మనసు ఎందుకు మారింది, ఏ వాక్యం మార్చింది?" అని అడిగితే ఆ చర్చ ఆపడం మన వల్ల కాదు. చివర్లో సిల్వర్ శిక్ష పడకుండా, పైగా ఒక నాణేల మూటతో పారిపోతాడు కదా, అది న్యాయమేనా అని పిల్లలు వాళ్లంతట వాళ్లే కొట్టుకుంటారు.

అపోహ: మ్యాప్ గీయించడం సరదా కోసం, ఆఖరి క్లాసులో పెట్టుకోవచ్చు.

దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడతాను, ఎందుకంటే ఇందులో ఉన్నంత చదువు ఈ పుస్తకానికి సంబంధించిన మరే పనిలోనూ లేదు. మామూలుగా ఏం చేస్తాం? కాన్వాలో పాతకాగితం బ్యాక్‌గ్రౌండ్, నాలుగు కొబ్బరిచెట్లు, ఒక ఎర్ర గుర్తు. పుస్తకం తెరవని పిల్లలే అందంగా గీస్తారు.

అసలు నవల కంటే ముందు పుట్టింది మ్యాపే. 1881 వేసవిలో స్కాట్లాండ్‌లోని బ్రేమార్‌లో వానలకి ఇంట్లో ఇరుక్కుపోయి, సవతి కొడుకు లాయిడ్‌తో బొమ్మలు వేస్తూ స్టీవెన్‌సన్ ఒక ద్వీపం గీశాడు, అందులోంచే కథ వచ్చింది. తర్వాత పుస్తకం వేసేటప్పుడు పంపిన మ్యాప్ దారిలో పోయింది. అప్పుడు ఆయన తన కథనే మొదటినుంచీ తిరగేసి, ఏ కొండ ఎక్కడుందని రాశాడో ఏరుకుని, వాటికి సరిపోయేలా మళ్లీ మ్యాప్ తయారు చేసుకోవాల్సి వచ్చింది.

పిల్లలతో సరిగ్గా అదే చేయించండి. అచ్చు మ్యాప్ పేజీ దాచేయండి. ద్వీపం తొమ్మిది మైళ్ల పొడవు, ఐదు మైళ్ల వెడల్పు, నిలబడ్డ బొద్దు డ్రాగన్ ఆకారం అని ఆరో అధ్యాయంలోనే ఉంది, అది అందరికీ ఇవ్వండి. తర్వాత గుంపుకి కొన్ని అధ్యాయాలు పంచి స్పైగ్లాస్ కొండ, స్కెలిటన్ ఐలాండ్, కర్రకోట, నార్త్ ఇన్‌లెట్ ఎక్కడ పెట్టాలో గూగుల్ స్లైడ్స్‌లో ఒకే పేజీ మీద పెట్టమనండి. షరతు ఒక్కటే, ప్రతి గుర్తు పక్కనా ఆధారమైన వాక్యం, అధ్యాయం నంబరు కామెంట్‌గా రాయాలి. రెండు గుంపుల కోట రెండు చోట్ల వస్తుంది, గొడవ మొదలవుతుంది, పుస్తకాలు మళ్లీ తెరుచుకుంటాయి. అంతా అయ్యాక అచ్చు మ్యాప్ చూపించండి. ఇంట్లో ఫోన్ తప్ప ఇంకేమీ లేని పిల్లలు నోట్‌బుక్‌లో గీసి ఫొటో పంపినా చాలు.

అపోహ: ఇది మగపిల్లల పుస్తకం.

కథలో ఆడవాళ్లు ఉండకూడదని లాయిడ్ షరతు పెట్టిన మాట నిజమే, చెప్పుకోదగ్గ ఆడమనిషి జిమ్ తల్లి ఒక్కతే. ఆ ఒక్క నాలుగో అధ్యాయం చాలు. బందిపోట్లు వచ్చేస్తుంటే ఆవిడ చచ్చిపోయిన బిల్లీ బోన్స్ పెట్టె ముందు కూర్చుని, తనకి రావాల్సిన బాకీ మాత్రమే, ఒక్క పైసా ఎక్కువ వద్దంటూ లెక్కపెట్టుకుంటుంది. అది నిజాయితీనా, మొండితనమా? మా క్లాసులో దీని మీద ఆడపిల్లల వాదన వినాలి.

అపోహ: బ్లాక్ స్పాట్ ఆట పిల్లలకి భలే నచ్చుతుంది.

బ్లాక్ స్పాట్ అంటే కథలో ఓడదొంగలు హెచ్చరికగా చేతికిచ్చే నల్లమచ్చ కాగితం. ఆ ఆట నచ్చుతుంది, అందుకే వద్దంటున్నా. తోటి పిల్లలకి చాట్‌లో నల్లమచ్చ పంపించే ఆట రెండో రోజుకే ఒకళ్లని వెలివేసే ఆట అయిపోతుంది, అదీ మనకి కనపడని ప్రైవేట్ మెసేజ్‌లలో.

అపోహ: ఎన్ని యాప్‌లు వాడితే అంత మంచి ఆన్‌లైన్ క్లాసు.

గూగుల్ జామ్‌బోర్డ్ అనే ఆన్‌లైన్ బోర్డు మీద పాఠాలన్నీ కట్టుకున్నవాళ్లని 2024 చివర అది మూతపడ్డప్పుడు అడగాల్సింది. ఒక గూగుల్ డాక్, ఒక పోల్, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్, చాలు. సాయంత్రం నాన్న వచ్చాకే ఫోన్ చేతికొచ్చే ఇళ్లు చాలా ఉన్నాయి, వాళ్లకి లైవ్ క్లాసు కంటే రాత్రి తొమ్మిదికి పంపే ఒక నిమిషం ఆడియోనే అసలు క్లాసు.

అపోహ: పాత పుస్తకం కాబట్టి ఏ పీడీఎఫ్ అయినా గ్రూపులో పెట్టేయొచ్చు.

స్టీవెన్‌సన్ 1894లో పోయాడు, ఇంగ్లిష్ మూలం ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితం, దానితో ఏ ఇబ్బందీ లేదు. అనువాదం సంగతి వేరు. మన చట్టం ప్రకారం రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల దాకా హక్కు ఉంటుంది, అనువాదకుడికీ అంతే, నండూరి వారు పోయింది 2011లో. పుస్తకం కొనండి, లైబ్రరీకి కొనిపించండి.

అపోహ: ఏఐ వచ్చాక ఇంటికి రాతపని ఇవ్వడం వృథా.

"సిల్వర్ పాత్ర స్వభావం రాయండి" అనే ప్రశ్నకి వృథానే, అది గైడ్‌ల కాలంలోనూ వృథానే. నేను లైవ్‌లో ఒక పేరా తెరిపించి అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఇందులో ఏ ఒక్క వాక్యం తీసేస్తే సిల్వర్ ఇంకాస్త మంచివాడిలా కనిపిస్తాడు?" ఇరవై ఎనిమిదో అధ్యాయంతో మొదలుపెట్టండి, పుస్తకం తెరిచే ఉంచుకోనివ్వండి, ఐదు నిమిషాలు టైమ్ ఇచ్చి మీరు మ్యూట్‌లో ఉండండి.